ఒలాతే కాల్పుల కేసు: రెండు శిక్షలు, వాటిపై వచ్చిన స్పందన

కూచిభొట్ల శ్రీనివాస్‌ను చంపిన మనిషికి ఏ శిక్ష పడిందని అడిగితే తెలుగువారిలో ఎక్కువగా వినిపించే జవాబు ‘యావజ్జీవం’. జవాబు తప్పు కాదు గాని, సగమే. 2018లో ఒకే ముద్దాయికి, ఒకే సాయంత్రం జరిపిన కాల్పులకు, రెండు వేరువేరు న్యాయస్థానాలు విడివిడిగా శిక్షలు వేశాయి. మే 4న వేసింది కన్సాస్ రాష్ట్రంలోని జాన్సన్ కౌంటీ జిల్లా కోర్టు. ఆగస్టు 7న వేసింది అమెరికా ఫెడరల్ కోర్టు. ఈ రెంటినీ కలిపి ఒక్కటిగా చెప్పుకోవడం వల్ల, శిక్షపై ప్రజల్లో వచ్చిన స్పందనను అంచనా కట్టడంలో కొన్ని పొరపాట్లు దొర్లినట్టు కనిపిస్తుంది. ఆ పొరపాట్లు ఏమిటో, ఆధారాలు ఎంతవరకు నిలుస్తాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా వివాదం లేని విషయాలు.

1. 2017 ఫిబ్రవరి 22, బుధవారం సాయంత్రం, ఒలాతే పట్టణంలోని ఆస్టిన్స్ బార్ అండ్ గ్రిల్‌లో కాల్పులు జరిగాయి. 32 ఏళ్ల శ్రీనివాస్ మరణించారు. ఆయన స్నేహితుడు, సహోద్యోగి అలోక్ మాడసాని గాయపడ్డారు. ఇద్దరూ గార్మిన్ సంస్థలో ఇంజినీర్లు. శ్రీనివాస్ హైదరాబాదులో ఇంజినీరింగు, ఎల్‌పాసోలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ చదివి, అయోవా రాష్ట్రంలో రాక్‌వెల్ కాలిన్స్‌లో కొన్నేళ్లు పనిచేసి, 2014లో గార్మిన్‌కు వచ్చారు.

2. దుండగుణ్ణి ఆపబోయిన ఇయాన్ గ్రిల్లాట్ అనే 24 ఏళ్ల అమెరికన్ యువకుడికి చేతిలోనూ ఛాతీలోనూ గాయాలయ్యాయి. తూటాలు లెక్కపెట్టి, తుపాకి ఖాళీ అయిందనుకుని వెంబడించానని ఆయన తరువాత చెప్పారు.

3. కాల్చినవాడు ఆడం ప్యూరింటన్. అప్పటికి 51 ఏళ్లు. గతంలో నౌకాదళంలో పనిచేశాడు. అక్కడికి సుమారు 70 మైళ్ల దూరంలో, పొరుగు రాష్ట్రమైన మిజోరీలోని క్లింటన్ పట్టణంలో, కొన్ని గంటలకే పోలీసులకు పట్టుబడ్డాడు.

4. రాష్ట్ర కోర్టులో 2018 మార్చి 6న, ఫెడరల్ కోర్టులో మే 21న నేరం ఒప్పుకున్నాడు.

నాలుగో అంశం నుంచి ఒక పరిమితి పుడుతుంది. ముద్దాయి రెండు చోట్లా నేరం ఒప్పుకోవడంతో, జ్యూరీ ముందు పూర్తి విచారణ ఏ కోర్టులోనూ జరగలేదు. సాక్షుల్ని బోనులో నిలబెట్టి ఇరుపక్షాలూ ప్రశ్నించిన సందర్భం 2017 నవంబరులో రాష్ట్ర కోర్టు జరిపిన ప్రాథమిక విచారణ వరకే. కాబట్టి ఆ సాయంత్రం గురించి ప్రచారంలో ఉన్న వివరాలన్నిటికీ ఒకే బరువు ఇవ్వడం కుదరదు. కొన్ని ప్రమాణం చేసి చెప్పినవి. కొన్ని ముద్దాయి స్వయంగా అంగీకరించినవి. మరికొన్ని పత్రికలవారికి ప్రత్యక్షసాక్షులు చెప్పినవి.

ఇక తేడాలున్న విషయాలు.

మొదటిది స్థలం. తెలుగు పత్రికల్లోనూ, అమెరికా అధ్యక్షుడి ప్రసంగంలోనూ దీన్ని ‘కన్సాస్ సిటీ కాల్పులు’ అన్నారు. ఒలాతే ఆ మహానగర ప్రాంతంలోనిదే. కాని పెద్ద కన్సాస్ సిటీ నగరం ఉన్నది మిజోరీ రాష్ట్రంలో. చిన్న తేడాగా తోచవచ్చు. హత్య ఏ రాష్ట్రంలో జరిగిందన్న దాన్నిబట్టే ఏ చట్టం వర్తిస్తుందో, ఎన్నేళ్ల శిక్ష పడుతుందో తేలుతుంది గనుక, ఇక్కడ దాన్ని పట్టించుకోక తప్పదు.

రెండవది, నిందితుడు అన్న మాటలు. ‘నా దేశం నుంచి పొండి’ అని అరిచి కాల్చాడన్నది అందరికీ గుర్తున్న మాట. ఇది మొదట ప్రత్యక్షసాక్షుల నోటివెంట పత్రికలకెక్కింది. దీన్ని ఒంటరిగా తీసుకుంటే, ఆవేశంలో నోరుజారిన ఒక్క కేకగా కొట్టిపారేయడానికి వీలుంటుంది. అలా అన్నవారు లేకపోలేదు. ప్రాథమిక విచారణలో అలోక్ చెప్పిన వరస ఆ వాదానికి అనుకూలంగా లేదు. మీరు ఎక్కడివాళ్లు, ఈ దేశంలోకి ఎలా వచ్చారు అన్న ప్రశ్నలతో గొడవ మొదలైంది. తరువాత తిట్లు. సిబ్బంది అతణ్ణి బయటికి పంపించారు. వెళ్లినవాడు తుపాకితో తిరిగి వచ్చాడు. వెళ్లడానికీ రావడానికీ మధ్య గడిచిన ఆ సమయమే, ముందస్తు ఆలోచనతో చేసిన హత్య అన్న అభియోగానికి ప్రధాన ఆధారాల్లో ఒకటై ఉండాలి. అతడు తండ్రి మరణం తరువాత తాగుడుకు లోనయ్యాడని ఇరుగుపొరుగువారు చెప్పినట్టు అప్పటి వార్తల్లో ఉంది. అది నిజమే కావచ్చు. అయితే తాగినవాడు ఆ గదిలో అందరిమీదా విరుచుకుపడలేదు. ఇద్దర్నే ఎంచుకున్నాడు.

మూడవది ఈ కేసులో అన్నిటికంటె ఎక్కువగా అపార్థానికి గురైన అంశం. క్లింటన్‌లోని రెస్టారెంటులో ప్యూరింటన్ అక్కడి సిబ్బందితో తాను ఇరానీయుల్ని కాల్చానని చెప్పాడు. ఆ సిబ్బంది పోలీసులకు చేసిన అత్యవసర ఫోనులో ఈ మాట ఉంది. ఆ ఫోను వల్లే అతడు పట్టుబడ్డాడు. ఇది తెలిశాక భారతీయుల్లోనూ, మనవారిలోనూ ఒక ధోరణి తలెత్తింది: ‘పొరపాటు పడ్డాడు, మనవాళ్లని వేరెవరో అనుకున్నాడు’. ఓదార్పు కోసం అన్నవారు ఉండవచ్చు. వాదంగా మాత్రం ఇది నిలవదు, కొంత ప్రమాదకరం కూడా. ఆ మాట వెనక, నిజంగా ఇరానీయులై ఉంటే అర్థం చేసుకోదగిన సంగతే అన్న సూచన దాగి ఉంది. చట్టం ఈ తప్పు చేయలేదు. 2009 అక్టోబరు 28న అమెరికా అధ్యక్షుడు ఒబామా సంతకం చేసిన మాథ్యూ షెపర్డ్, జేమ్స్ బర్డ్ జూనియర్ విద్వేష నేరాల నిరోధక చట్టం, బాధితుడి జాతి, రంగు, మతం, పుట్టిన దేశం నిజంగా ఏవైనా, దుండగుడు అవి ఏవని అనుకున్నా, నేరం ఒక్కటేనంటుంది. గురి తప్పిన ద్వేషం కూడా ద్వేషమే అన్నది ఆ చట్టం తీసుకున్న స్థానం. బాధితుల్ని ఇరానీయులనుకోవడం ఆ చట్టం కింద ముద్దాయికి రక్షణ కాదు. పైగా అతడు మనుషుల్ని జాతినిబట్టి ఎంచుకున్నాడనడానికి అతని నోటివెంట వచ్చిన ఆధారం అదే.

శిక్ష పడేనాటికి ప్రజల మనసు ఏ స్థితిలో ఉందో తెలియాలంటే 2017 ఫిబ్రవరి చివరి వారం చూడాలి. 24వ తేదీన వైట్‌హౌస్ ప్రతినిధి షాన్ స్పైసర్, అధ్యక్షుడి మాటలకూ ఈ హత్యకూ ముడిపెట్టడం అసంబద్ధమన్న ధోరణిలో మాట్లాడారు. 28వ తేదీన ఎఫ్‌బీఐ ఈ ఘటనను విద్వేష నేరంగా దర్యాప్తు చేస్తున్నట్టు ప్రకటించింది. అదే తేదీ రాత్రి ట్రంప్ కాంగ్రెస్ ఉభయసభల ముందు ప్రసంగిస్తూ తొలి వాక్యాల్లోనే ఈ కాల్పుల్ని ఖండించారు. అదే తేదీన హైదరాబాదులో, జూబ్లీహిల్స్ మహాప్రస్థానంలో, శ్రీనివాస్ అంత్యక్రియలు జరిగాయి. ఘటన జరిగిన ఆరు రోజులకు గాని అమెరికా అధ్యక్షుడి నోట ఆ మాట రాలేదన్న ఆవేదన ఇక్కడా అక్కడా వ్యక్తమైంది. తేదీలు చూస్తే ఆ ఆవేదనకు ఆధారం ఉంది.

బాధితులకు అతి దగ్గరివారి స్పందన సైతం ఒకే తీరుగా లేదు. ఫిబ్రవరి 26న ఒలాతేలో వందలాదిమంది పాల్గొన్న సంతాప సభలో అలోక్ ఇది విడి ఘటన అనీ, కన్సాస్ అసలు స్వభావం ఇది కాదనీ అన్నట్టు వార్తలొచ్చాయి. శ్రీనివాస్ భార్య సునయన దుమాల, అంతకు రెండు రోజుల ముందు గార్మిన్ ఏర్పాటు చేసిన పత్రికా సమావేశంలోనూ, తర్వాత రాసిన మాటల్లోనూ, మేము ఈ దేశానికి చెందినవాళ్లమా కాదా అని సూటిగా అడిగారు. ఒకరిది చుట్టూ ఉన్న మనుషుల మీద నమ్మకం. మరొకరిది ప్రభుత్వాన్నీ సమాజాన్నీ నిలదీసే ప్రశ్న. రెండూ ఆ మనుషుల అనుభవంలోంచి వచ్చినవే. ఒకదాన్ని చూపి మరొకదాన్ని కొట్టివేయడం న్యాయం కాదు.

ఇదే సమయంలో, ఒక తెలంగాణ ఎన్నారై సంఘం పేరుతో వచ్చిన సూచనలు వార్తలకెక్కాయి. బహిరంగ స్థలాల్లో వాదనలకు దిగవద్దని, మాతృభాషలో కాక ఇంగ్లీషులో మాట్లాడుకోవడం మంచిదని వాటి సారాంశం. భయంలో ఉన్నవారు ఇచ్చిన సలహా గనుక దాన్ని ఎగతాళి చేయడం తగదు. అయితే దాని తర్కం పరిశీలించదగింది. అలోక్ చెప్పిన వరసలో గొడవకు మూలం ఆ ఇద్దరూ మాట్లాడిన భాష అని లేదు. ప్రశ్నలు వారి రూపాన్ని చూసి వచ్చాయి. తెలుగు మానేసినంత మాత్రాన ఒంటి రంగు మారదు.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే శిక్షలకు.

రాష్ట్ర కోర్టు శిక్షలో రెండు భాగాలున్నాయి. శ్రీనివాస్ హత్యకు యావజ్జీవం, 50 ఏళ్లు గడిచేదాకా పెరోల్ అడగడానికి వీలులేని విధంగా. అలోక్, గ్రిల్లాట్‌లపై హత్యాయత్నాలకు ఒక్కొక్కదానికి 165 నెలలు, అంటే 13 సంవత్సరాల 9 నెలలు. ముద్దాయికి అప్పుడు 52 ఏళ్లు. పెరోల్ అడిగే అర్హత రావాలంటే అతనికి నూరేళ్లు దాటాలి.

ఈ ‘50 ఏళ్లు’ అన్న అంకె తెలుగువారి చర్చల్లో జాతి విద్వేషానికి వేసిన ప్రత్యేక శిక్షగా ప్రచారమైంది. ఆధారాలు ఈ అర్థాన్ని సమర్థించవు. అమెరికా సుప్రీంకోర్టు 2013లో అలీన్ కేసులో ఇచ్చిన తీర్పు తరువాత కన్సాస్ తన శిక్షల చట్టాన్ని సవరించుకుంది. దాని ప్రకారం 2014 జూలై 1 తరువాత జరిగిన ముందస్తు ఆలోచనతో కూడిన హత్యలకు 50 ఏళ్ల కనీస గడువే మామూలు శిక్ష. దాన్ని తగ్గించాలంటే తగిన కారణాలు చూపాలి. హతుడు ఎవరైనా, కారణం ఏదైనా, డబ్బు కోసం చేసిన హత్యకైనా ఆ గడువే వర్తిస్తుంది. విద్వేష హత్యను విడి నేరంగా పేర్కొనే చట్టం కన్సాస్‌లో లేదు. విద్వేషాన్ని శిక్ష పెంచదగిన కారణాల్లో ఒకటిగా చూసే వెసులుబాటు మాత్రం ఉంది. కాబట్టి మే 4 నాటి శిక్ష ఎంత కఠినమైనదైనా, అది హత్యకు పడిన శిక్షే. జాతి విద్వేషం ఎంతటి నేరమో దాని అంకెల్లో కనిపించదు.

మనవైపు నుంచి వచ్చిన మరో స్పందన ఇందుకు పూర్తిగా భిన్నమైనది: యావజ్జీవమంటే పద్నాలుగేళ్లే కదా, తరువాత బయటికి వచ్చేస్తాడు. ఇది భారతదేశపు అలవాటును అమెరికాకు అంటగట్టడం. నిజానికి ఆ అలవాటు ఇక్కడ కూడా పొరపాటే. యావజ్జీవమంటే జీవితాంతమేనని మన సుప్రీంకోర్టు 1961లో గోపాల్ వినాయక్ గోడ్సే కేసులోనే చెప్పింది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 433ఏ నిబంధనలోని 14 ఏళ్లు, కొన్ని నేరాల్లో ప్రభుత్వం శిక్ష తగ్గించాలన్నా అంతకు ముందు విడుదల చేయరాదన్న కనీస హద్దు. ఆ హద్దే జనం మనసులో శిక్షాకాలమై కూర్చుంది.

ఆగస్టు 7 నాటి ఫెడరల్ శిక్ష స్వభావం వేరు. విద్వేష నేరాలకూ, తుపాకి వాడకానికీ సంబంధించిన అభియోగాలపై మూడు యావజ్జీవ శిక్షలు, ఒకదాని తరువాత ఒకటి అమలయ్యే విధంగా పడ్డాయి. 1984 నాటి శిక్షల సంస్కరణ చట్టం ఫెడరల్ వ్యవస్థలో పెరోల్‌ను రద్దు చేసింది. 1987 నవంబరు 1 తరువాతి నేరాలకు అది లేదు. కాబట్టి ఇక్కడ యావజ్జీవం అన్నమాట అక్షరాలా యావజ్జీవమే. ఒకే చర్యకు రెండుసార్లు శిక్ష ఏమిటన్న సందేహం సహజం. రాష్ట్రమూ దేశమూ వేరువేరు సార్వభౌమాధికారాలు గనుక రెండూ విచారించవచ్చన్నది అక్కడి పాత సిద్ధాంతం. 2019లో గాంబుల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ ఖాయం చేసింది.

ఈ ఫెడరల్ నేరాంగీకారంలోనే, బాధితుల్ని వారి జాతి, రంగు, మతం, పుట్టిన దేశం కారణంగా ఎంచుకుని కాల్చానన్నది ముద్దాయి ఒప్పుకున్న వాస్తవంగా కోర్టు రికార్డుకెక్కింది. మొత్తం కేసులో అత్యంత విలువైన పత్రం ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అప్పటిదాకా సాక్షుల మాట, పత్రికల మాట, ఫోనులో ఎవరో చెప్పిన మాట ఉన్నాయి. మే 21 తరువాత ఆ సంగతి చేసినవాడే చెప్పిన మాట అయింది.

శిక్షపై సునయన స్పందనను ఈ వెలుగులో చదవాలి. ఆమె ప్రకటనలో శిక్షాకాలం మీద తృప్తిగాని అసంతృప్తిగాని ప్రధానంగా కనిపించదు. ఈ శిక్ష తన శ్రీనును తిరిగి తేదనీ, ద్వేషాన్ని ఎన్నటికీ అంగీకరించబోమన్న గట్టి సందేశం మాత్రం దీనివల్ల వెళుతుందనీ ఆమె అన్నారు. రాష్ట్ర కోర్టుకు అందించిన మాటల్లో ముద్దాయినే ఉద్దేశించి, కోపం అణచుకుని నెమ్మదిగా అడిగి ఉంటే శ్రీను తన గురించి సంతోషంగా చెప్పి ఉండేవాడని, చామనఛాయవాళ్లందరూ అనుమానించదగినవాళ్లు కారని అతనికి అర్థమయ్యేలా చేసి ఉండేవాడని చెప్పారు. మరణశిక్ష వేయాల్సిందన్న వాదం ఇటు సామాజిక చర్చలో వినిపించిన మాట నిజమే. కాని ఆ మనిషికి అతి దగ్గరి మనిషి కోరింది వేరు. హత్య ఎందుకు జరిగిందో దాచకుండా చెప్పాలన్నదే ఆమె ప్రశ్నల్లో మొదటినుంచీ ఉన్నది.

ఆమె అప్పటి పరిస్థితి కూడా ఇక్కడ చెప్పాలి. భర్త హెచ్-1బీ వీసాపై ఆధారపడిన ఆమె నివాస హక్కు భర్త మరణంతోనే ప్రశ్నార్థకమైంది. అంత్యక్రియలకు భారత్ వచ్చిన ఆమె తిరిగి వెళ్లి పనిచేసుకోవడానికి కన్సాస్ ప్రతినిధి కెవిన్ యోడర్ జోక్యం అవసరమైంది. చంపినవాడు అడిగిన ప్రశ్న వీసా గురించే. చట్టం కూడా, వేరే గొంతుతోనైనా, ఆ స్త్రీని అదే ప్రశ్న అడిగింది. 2017 మార్చి 16న కన్సాస్ గవర్నర్ శామ్ బ్రౌన్‌బ్యాక్ ‘ఇండియన్ అమెరికన్ల ప్రశంసా దినం’ ప్రకటించారు. దాని ఆదరాన్ని తక్కువ చేయలేం. వీసా నిబంధన మాత్రం దానితో మారలేదు.

పోలిక కోసం కొన్ని పాత కేసులు. 2001 సెప్టెంబరు 15న అరిజోనాలోని మీసాలో బల్బీర్ సింగ్ సోధిని ఫ్రాంక్ రోక్ కాల్చి చంపాడు. అక్కడా గురి ‘అరబ్బు’ అనుకున్న మనిషి. 2003లో మరణశిక్ష పడింది. 2006లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. 2016లో హతుడి సోదరుడు జైల్లో ఉన్న రోక్‌తో ఫోనులో మాట్లాడి క్షమించానని చెప్పాడు. టెక్సస్‌లో 2001 అక్టోబరు 4న వాసుదేవ్ పటేల్‌ను చంపిన మార్క్ స్ట్రోమన్‌కు 2011 జూలై 20న మరణశిక్ష అమలైంది. దాన్ని ఆపడానికి కోర్టుదాకా వెళ్లినవాడు అతని తూటాకు ఒక కన్ను పోగొట్టుకున్న బంగ్లాదేశీయుడు రైస్ భుయాన్. ఈ మూడు కేసుల్నే ఆధారంగా సూత్రం చేయడం తొందరపాటు అవుతుంది. బాధితపక్షం ఎప్పుడూ మరింత కఠిన శిక్షే కోరుతుందన్న సాధారణ నమ్మకానికి ఇవి అనుకూలంగా లేవని మాత్రం చెప్పవచ్చు.

ఎదురు ఉదాహరణ ఉంది. లండన్‌లో 1993 ఏప్రిల్ 22న జాతి విద్వేష దాడిలో హతుడైన నల్లజాతి యువకుడు స్టీఫెన్ లారెన్స్ కేసులో ఇద్దరు ముద్దాయిలకు 2012 జనవరి 4న యావజ్జీవాలు పడ్డాయి. కనీస గడువులు 15 ఏళ్ల 2 నెలలు, 14 ఏళ్ల 3 నెలలు. అంత తక్కువా అన్న నిరసన వచ్చింది. నేరం చేసినప్పుడు వారు మైనర్లు కావడం అందుకు కారణం. అక్కడ జనం ఆగ్రహానికి అసలు మూలం ఆ గడువుల్లో కంటె, అంతకు ముందు ఎవరికీ శిక్ష పడకుండా గడిచిన 18 ఏళ్లలో ఉందనిపిస్తుంది.

మరో హెచ్చరిక కూడా అవసరం. భారతీయుడు విదేశంలో హతుడైతే అది జాతి హత్యేనని ముందే తీర్మానించుకోకూడదు. 2010 జనవరి 2న మెల్‌బోర్న్‌లో నితిన్ గర్గ్ హత్య జరిగినప్పుడు ఇక్కడ అదే మాట మారుమోగింది. 2011 డిసెంబరులో 13 ఏళ్ల శిక్ష వేసిన కోర్టు ముందుకు వచ్చింది మాత్రం మొబైల్ ఫోను దోపిడీకి ఒక బాలుడు చేసిన ప్రయత్నం. సింగపూర్ పాఠకులకు దగ్గరి ఉదాహరణ 2013 డిసెంబరు 8 రాత్రి, సెరంగూన్ రోడ్డుకు కూతవేటు దూరంలో, రేస్‌కోర్స్ రోడ్డు, హాంప్‌షైర్ రోడ్డు కలిసేచోట జరిగింది. బస్సు కింద పడి ఒక తమిళ కార్మికుడు మరణించడంతో లిటిల్ ఇండియా అల్లర్లు చెలరేగాయి. దూరాన ఉన్న వ్యాఖ్యాతలు దాన్ని జాతి వైరంగానో, వలస కార్మికుల పగగానో చిత్రించారు. మాజీ న్యాయమూర్తి జి. పన్నీర్ సెల్వం అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం 2014లో ఇచ్చిన నివేదిక ప్రమాదం, సహాయక సిబ్బంది తీరుపై అపోహలు, మద్యం అనే మూడింటినీ ప్రధాన కారణాలుగా చూపింది. ఒలాతేను విద్వేష హత్య అనడానికి హక్కు కావాలంటే, విద్వేషం రుజువు కానిచోట కాదని ఒప్పుకునే ఓపిక కూడా ఉండాలి.

సింగపూర్ చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. పీనల్ కోడ్ 74వ నిబంధన ప్రకారం, కొన్ని నేరాలు జాతి లేదా మత వైరంతో చేసినవని తేలితే కోర్టు శిక్షను ఒకటిన్నర రెట్ల వరకు పెంచవచ్చు. బాధితుడు ఆ వర్గానికి చెందినవాడని నేరస్థుడు ఊహించుకున్నా సరిపోతుంది. కన్సాస్ రాష్ట్ర కోర్టులో అంకెల వెనక కనబడకుండా పోయిన కారణం ఇక్కడ శిక్షలోనే కనబడుతుంది. 2021 మే 7న చోవా చూ కాంగ్‌లో నడకకు వెళ్లిన భారత సంతతి స్త్రీని దూషించి ఛాతీపై తన్నిన వ్యక్తికి 2023 జూలై 31న నాలుగు వారాల జైలు పడింది. వైద్య ఖర్చు కింద 13 డాలర్ల 20 సెంట్లు చెల్లించమన్నారు. ఆ అంకె చూసి పెదవి విరిచినవారున్నారు. కాని దాడికి కారణం ఆమె జాతేనని న్యాయస్థానం తేల్చి, ఆ లెక్కన శిక్ష వేసింది.

భారతదేశంలో స్థితి వేరు. ఢిల్లీలో 2014 జనవరిలో అరుణాచల్ యువకుడు నిడో తానియా దాడికి గురై మరణించాక బెజ్‌బరువా సంఘం జాతి దూషణలను, దాడులను నేరాలుగా పేర్కొనే కొత్త నిబంధనలు సిఫారసు చేసింది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 103(2) నిబంధన జాతి, కులం, భాష, పుట్టినచోటు వంటి కారణాలతో చేసిన హత్యను విడిగా గుర్తిస్తుంది గాని, హంతకులు ఐదుగురు లేదా అంతకు మించినప్పుడే. ఒలాతేలో లాగా ఒక్కడే తుపాకి పట్టుకుని వస్తే అది వర్తించదు. దళితులపై నేరాల్లో ఆ కొరత తీర్చడానికి 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. అయినా చుండూరులో 1991 ఆగస్టు 6న జరిగిన హత్యాకాండ కేసులో ప్రత్యేక కోర్టు 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేస్తే, 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఒలాతే తీర్పుపై న్యాయం జరిగిందని తృప్తిపడిన తెలుగు సమాజం, తన నేల మీద అదే కొలత పెట్టుకుందా అన్నది ఈ పరిశీలనలో తప్పించుకోలేని ప్రశ్న.

ఆధారాలన్నీ కలిపి చూస్తే ఇంతవరకు చెప్పడం సాధ్యం. మే 4 శిక్ష హంతకుణ్ణి జైల్లో ఉంచింది. ఆగస్టు 7 శిక్ష, దానికి ఆధారమైన మే 21 నేరాంగీకారం, హత్య కారణాన్ని కాదనలేని రికార్డుగా చేశాయి. ప్రజల స్పందన ఎక్కువగా మొదటిదాని అంకెల చుట్టూ తిరిగింది. బాధితురాలి స్పందన రెండవదాని సారానికి దగ్గరగా ఉంది. ఈ విషయంలో ఆమెదే సరైన దృష్టి అని ఈ వ్యాసకర్త నిర్ణయం.

కాబట్టి సింగపూర్‌లోనైనా, మరెక్కడైనా, తెలుగు సంఘాలకూ పాఠకులకూ ఒక విన్నపం. జాతి పేరుతో దూషణగాని దాడిగాని ఎదురైతే, భాష మార్చుకోవడం, మాట్లాడకుండా ఊరుకోవడం అనే సలహాలతో సరిపెట్టకండి. పోలీసులకిచ్చే ఫిర్యాదులో దుండగుడు అన్న ప్రతి మాటనూ అన్నది అన్నట్టుగా, ఏ మాట ముందు ఏది వెనక అన్న వరసతో సహా రాయించండి. విన్నవారి పేర్లు సాక్షులుగా నమోదు చేయించండి. ఒలాతేలో ఎక్కడివాళ్లు అన్న ప్రశ్న నుంచి క్లింటన్‌లో అన్న ఇరానీయుల మాట దాకా, విద్వేషాన్ని బయటపెట్టినవి ఎవరో ఒకరు విని, గుర్తుపెట్టుకుని, చెప్పిన మాటలే.